యంత్రానికి సరైన టవర్ లైట్: స్థితుల పట్టిక నుంచి కమిషనింగ్ దాకా

టవర్ లైట్ అంటే యంత్రం స్థితిని దూరం నుంచే చూపడానికి రంగు దీపాలను అంతస్తులుగా పేర్చిన స్తంభం. దాన్ని కొనాలనుకున్నప్పుడు చాలామంది మొదట అడిగేది "మూడు రంగులా, ఐదు రంగులా?" అని. నిజానికి అది తర్వాత రావాల్సిన ప్రశ్న. ఆ లైట్ వెలిగితే ఎవరు కదలాలి, వచ్చి ఏం చేయాలి, ఎంత తొందరగా చేయాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ మూడూ కాగితం మీద స్పష్టంగా ఉంటే రంగులు, సైజు, వోల్టేజీ, బజర్ ఒక్కొక్కటిగా తేలిపోతాయి. అవి లేకుండా కేటలాగ్ తెరిస్తే, ఎంత మంచి సరుకు కొన్నా కొన్నాళ్లకు ఆ లైట్‌ను ఎవరూ పట్టించుకోరు. పసుపు రోజంతా వెలుగుతూనే ఉంటుంది. యంత్రాన్ని మామూలుగా ఆపినా ఎరుపు వెలుగుతుంది. బజర్ రంధ్రాల మీద ఎవరో టేపు అంటించేస్తారు. బజర్ మీద టేపు కనిపించిందంటే ఆపరేటర్‌ను తప్పుపట్టకండి. ఆ బజర్ దేనికి మోగాలో నిర్ణయించిన వాళ్ల పని సరిగా జరగలేదని దాని అర్థం.

అందుకే ఈ గైడ్‌లో మొదటి రెండు మెట్ల మీద ఎక్కువ సేపు ఉంటాం. అవి కుదిరితే మిగతా వాటిలో పొరపాటు జరిగినా సరిదిద్దుకోవచ్చు.

మొదటి మెట్టు: యంత్రం స్థితులన్నీ రాయండి

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. సీసాల్లో ద్రవం నింపి మూత బిగించే యంత్రం ఒకటి ఉందనుకోండి. ఒకే ఆపరేటర్ ఇలాంటివి మూడు చూసుకుంటాడు. ఈ యంత్రం ఎన్ని రకాల పరిస్థితుల్లో ఉండగలదో రాస్తే జాబితా ఇలా వస్తుంది:

- ఆటో మోడ్‌లో సవ్యంగా నడుస్తోంది. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.
- మూతల హాపర్ (తొట్టి) ఖాళీ అవుతోంది, ఇంకో ఐదు నిమిషాలకు సరిపడా ఉన్నాయి. ఆపరేటర్ వచ్చి నింపాలి.
- మూతలు పూర్తిగా అయిపోయి యంత్రం ఆగింది. ఆపరేటర్ వెంటనే రావాలి.
- వెనక నుంచి సీసాలు రావడం లేదు, లేదా ముందున్న కన్వేయర్ నిండిపోయింది. ఈ యంత్రంలో లోపమేమీ లేదు, ఎదురుచూస్తోంది.
- ఎయిర్ ప్రెషర్ పడిపోతూ హద్దు దగ్గరికి వచ్చింది. యంత్రం ఇంకా నడుస్తోంది, మెయింటెనెన్స్ వాళ్లు ఓసారి చూడాలి.
- సర్వో డ్రైవ్ (మోటారును నడిపే యూనిట్) ఫాల్ట్ వచ్చి ఆగింది. మెయింటెనెన్స్ రావాలి.
- ఎమర్జెన్సీ స్టాప్ నొక్కారు, లేదా నడుస్తుండగా గార్డ్ తలుపు తెరుచుకుంది.
- సెట్టింగ్ కోసం మాన్యువల్ మోడ్‌లో ఉంది.
- షిఫ్ట్ అయిపోయి మామూలుగా ఆపేశారు. పవర్ మాత్రం ఉంది.

ఈ జాబితాను డిజైన్ ఇంజినీరు ఒక్కడే గదిలో కూర్చుని రాస్తే సగం తప్పిపోతాయి. ఆపరేటర్‌నూ మెయింటెనెన్స్ మనిషినీ పక్కన కూర్చోబెట్టుకోండి. "ఈ యంత్రం దగ్గరికి మిమ్మల్ని దేనికి పిలుస్తారు?" అని అడిగితే వాళ్లు చెప్పే కారణాలు డ్రాయింగుల్లో ఉండవు. లేబుల్ రోల్ చివరికొచ్చింది, గ్లూ ట్యాంక్ ఇంకా వేడెక్కలేదు, రిజెక్ట్ బిన్ నిండింది... ఇలాంటివన్నీ అప్పుడే బయటపడతాయి.

ప్రతి స్థితి ఎదురుగా మూడు గడులు పెట్టండి: ఎవరు రావాలి, ఏం చేయాలి, ఎంత లోపు చేయాలి. మూడు గడులూ ఒకేలా ఉన్న స్థితులు రెండుంటే వాటికి ఒకే సంకేతం చాలు. ఉదాహరణకు మూతలూ లేబుళ్లూ రెండూ ఆపరేటరే నింపాలి, రెండిటికీ దాదాపు అంతే సమయం ఉంటుంది కాబట్టి వాటికి వేరే రంగులు అక్కర్లేదు. దగ్గరికి వచ్చాక ఏది అయిపోయిందో స్క్రీన్ చెబుతుంది. దూరం నుంచి "నువ్వు రా" అని పిలవడమే టవర్ లైట్ పని. కారణాలన్నీ దాని మీదే చూపించాలని చూస్తే ఎవరికీ గుర్తుండని కోడ్ తయారవుతుంది.

గడుల్లో ఏమీ రాయలేని స్థితి తగిలితే, అంటే దాన్ని చూసి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదంటే, దానికి లైట్ అవసరమా అని గట్టిగా ఆలోచించండి.

రెండో మెట్టు: రంగులు కేటాయించండి

ఇక్కడ సొంత తెలివి అక్కర్లేదు. యంత్రాల విద్యుత్ పరికరాల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 రంగుల అర్థాలను నిర్ణయించింది. ఎరుపు అంటే ప్రమాదకర పరిస్థితి, వెంటనే చర్య తీసుకోవాలి. పసుపు అంటే అసాధారణ పరిస్థితి, గమనించాలి లేదా జోక్యం చేసుకోవాలి. నీలం అంటే ఆపరేటర్ తప్పనిసరిగా ఏదో చేయాలి. ఆకుపచ్చ అంటే అంతా మామూలే. తెలుపు అంటే పై నాలుగింటిలో చేరని సాధారణ సమాచారం. టవర్‌లో వాటి వరుస కూడా అదే ప్రమాణంలో ఉంది: పైనుంచి కిందికి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు. అమెరికాలో యంత్రాలకు ఎన్‌ఎఫ్‌పీఏ 79 అనే ప్రమాణం వర్తిస్తుంది, యంత్రం అక్కడికి వెళ్లేదైతే దాన్ని కూడా చూసుకోవాలి.

మన సీసాల యంత్రానికి దీన్ని వర్తింపజేద్దాం. ఎమర్జెన్సీ స్టాప్, నడుస్తుండగా తెరుచుకున్న గార్డ్... ఇవి ఎరుపు. ఎయిర్ ప్రెషర్ పడిపోతుంటే పసుపు నిలకడగా వెలగాలి. సర్వో ఫాల్ట్‌తో ఆగితే పసుపు మెరవాలి, అంటే ఆగి ఆగి వెలగాలి. మూతలు తగ్గుతుంటే నీలం నిలకడగా, అయిపోయి ఆగితే నీలం మెరుస్తూ. సవ్యంగా నడుస్తుంటే ఆకుపచ్చ. సీసాల కోసం ఎదురుచూస్తుంటే ఆకుపచ్చ మెరవాలి. ఇచ్చిన ఆదేశానికీ అసలు స్థితికీ మధ్య తేడాను మెరుపుతో చూపించవచ్చని ప్రమాణంలోనే ఉంది కాబట్టి ఇది సరిగ్గా అతుకుతుంది: నడవమన్నారు, నడవడానికి సిద్ధంగా ఉంది, కానీ సీసాలు లేవు. మామూలుగా ఆపేస్తే తెలుపు, మాన్యువల్ మోడ్‌లో తెలుపు మెరుస్తూ.

సర్వో ఫాల్ట్‌కు ఎరుపు కాకుండా పసుపు ఎందుకని అడగవచ్చు. డ్రైవ్ ఆగిపోయింది, ఉత్పత్తి నష్టం జరుగుతోంది, కానీ ఎవరికీ ప్రమాదం లేదు. ప్రతి ఫాల్ట్‌కూ ఎరుపు వేస్తే నిజంగా ప్రమాదం వచ్చిన రోజు ఆ ఎరుపుకు విలువ ఉండదు. అయితే ఒక మినహాయింపు. మీ ప్లాంటులో ఇప్పటికే ఉన్న యంత్రాలన్నిటిలో ఫాల్ట్‌కు ఎరుపు వాడుతుంటే, కొత్త యంత్రం ఒక్కటే వేరే భాష మాట్లాడటం ఇంకా ప్రమాదం. అప్పుడు రెండే దారులు: అన్నిటినీ ఒకేసారి మార్చడం, లేదా పాత పద్ధతినే అనుసరించడం.

ఎక్కువమంది నీలాన్ని వదిలేసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చతో సరిపెడతారు. గొడవ అక్కడే మొదలవుతుంది. మూతలు తగ్గినా పసుపే, ప్రెషర్ పడిపోయినా పసుపే అయితే, ఆపరేటర్ అది మెయింటెనెన్స్ పని అనుకుంటాడు, మెయింటెనెన్స్ వాళ్లు అది ఆపరేటర్ పని అనుకుంటారు. ఒక మనిషి ఒకటి కంటే ఎక్కువ యంత్రాలు చూసుకునే చోట నీలం అంతస్తుకు అయ్యే ఖర్చు వృథా కాదు. ఒకే యంత్రం ముందు ఒకే మనిషి నిలబడి ఉండే చోట మాత్రం మూడు రంగులు చాలు. ఐదు దాటి వెళ్లాలనిపిస్తే పట్టికకు తిరిగి వెళ్లి స్థితులు కలపండి.

పట్టిక పూర్తయ్యాక ఒక నియమం తప్పకుండా పాటించండి: యంత్రానికి పవర్ ఉన్నంతసేపూ టవర్‌లో కనీసం ఒక లైట్ వెలుగుతూ ఉండాలి. ఆరిపోయిన టవర్‌కూ చెడిపోయిన టవర్‌కూ చూపులో తేడా ఉండదు. ఎప్పుడూ ఏదో ఒకటి వెలిగే ఏర్పాటు ఉంటే, మొత్తం ఆరిపోయినప్పుడు ఎక్కడో తేడా కొట్టిందని వెంటనే తెలుస్తుంది.

దీనితో ముడిపడిన ఇంకో మాట. టవర్ లైట్ భద్రతా పరికరం కాదు. ఎరుపు వెలగడం లేదు కదా అని గార్డ్ లోపల చేయి పెట్టకూడదు. తెలుపు వెలుగుతోంది కాబట్టి యంత్రం ఆగినట్టేనని మెయింటెనెన్స్ మొదలుపెట్టకూడదు. ఐసొలేటర్ (మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి తాళం వేయడం, శక్తి లేదని మీటరుతో చూసుకోవడం... వీటి స్థానాన్ని ఏ రంగూ భర్తీ చేయదు. ఆపరేటర్ శిక్షణలో ఈ వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి.

మూడో మెట్టు: రంగు తేడా తెలియని కళ్ల సంగతి

ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఇతర ప్రాంతాల వాళ్లలో ఇది కొంత తక్కువ, స్త్రీలలో చాలా తక్కువ. అయినా పెద్ద షిఫ్టులో అలాంటివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారనే అనుకోవాలి. వాళ్లలో కొందరికి ఎరుపు మసకగా, దాదాపు వెలగనట్టే కనిపిస్తుంది. అంటే అన్నిటికన్నా ముఖ్యమైన సంకేతమే వాళ్లకు అన్నిటికన్నా బలహీనం.

దీనికి మందు రంగుతో పాటు ఇంకో ఆనవాలు జోడించడం. అంతస్తుల వరుస ప్లాంటంతా ఒకేలా ఉంటే "పైన వెలిగింది" అన్నదే సమాచారం అవుతుంది. ఎరుపును మెరిసేలా పెడితే ఇంకా మంచిది. నీలం రంగును ఇలాంటివాళ్లు కూడా తేలిగ్గా గుర్తుపడతారు, దాన్ని వాడటానికి ఇదీ ఒక కారణం.

మెరుపు వేగం విషయంలో ఐఈసీ 60073 అనే ఇంకో ప్రమాణం రెండు శ్రేణులు చెబుతుంది: నెమ్మదిగా అయితే సెకనుకు 0.4 నుంచి 0.8 సార్లు, మామూలుగా అయితే 1.4 నుంచి 2.8 సార్లు. రెండు వేగాలు వాడితే ఎక్కువ తొందరైన దానికి ఎక్కువ వేగం ఇవ్వాలి. మూడో వేగం పెట్టకండి, దూరం నుంచి ఎవరూ పోల్చుకోలేరు.

మెరుపును టవర్ లోపలి ఫ్లాషర్‌తో చేయాలా, పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రాంతో చేయాలా? పీఎల్‌సీ ఉంటే అందులోనే చేయడం మేలు. వేగాన్ని తర్వాత మార్చుకోవచ్చు, అన్ని యంత్రాల్లో ఒకే లయ ఉంటుంది, ఒకే అంతస్తును నిలకడగానూ మెరుస్తూనూ వాడుకోవచ్చు. రిలేలతో నడిచే పాత యంత్రాలకైతే లోపలే ఫ్లాషర్ ఉన్న మాడ్యూల్ కొనండి.

నాలుగో మెట్టు: ఎక్కడి నుంచి చూస్తారు?

ఫ్లోర్ మీదికి వెళ్లి, ఈ లైట్ చూడాల్సిన మనిషి నిజంగా ఎక్కడెక్కడ నిలబడతాడో అక్కడ నిలబడి చూడండి. డ్రాయింగ్‌లో ఖాళీగా కనిపించే చోట అసలులో ప్యాలెట్లు పేర్చి ఉంటాయి, ఓవర్‌హెడ్ క్రేన్ తిరుగుతుంటుంది, డక్ట్ అడ్డం వస్తుంది. మూల స్తంభం వెనక నుంచి కనిపించకపోతే టవర్ వ్యాసం పెంచి లాభం లేదు, చోటు మార్చాలి లేదా రెండోది పెట్టాలి.

మార్కెట్లో 30 మిల్లీమీటర్ల నుంచి 100 మిల్లీమీటర్ల దాకా వ్యాసాల్లో టవర్లు దొరుకుతాయి. టేబుల్ మీద పెట్టే చిన్న టెస్టింగ్ యంత్రానికి 30 లేదా 40 చాలు. మామూలు యంత్రాలకు 50 నుంచి 70 మధ్య వాడతారు. పెద్ద హాలు, ఆరుబయట అయితే ఇంకా పెద్దవి. సైజు గురించి ఒక లెక్క చూడండి. 50 మిల్లీమీటర్ల ఎత్తున్న అంతస్తు 30 మీటర్ల దూరం నుంచి కంటికి ఎంత కనిపిస్తుందంటే, 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న కాగితం మీద 1 మిల్లీమీటరు చుక్క అంత. వెలుగు కనిపిస్తుంది, రంగు కూడా తెలుస్తుంది. కానీ అది పై అంతస్తా, మధ్యదా అన్నది చప్పున తెలియదు. రంగు తేడా తెలియని మనిషికి అక్కడ వరుస క్రమం కూడా సాయపడదు. చూడాల్సిన దూరం అంత ఉంటే అంతస్తు ఎత్తు ఎక్కువున్న మోడల్ తీసుకోండి.

సూర్యరశ్మి గురించి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. రంగు లెన్స్ ఉన్న టవర్ మీద పడమటి కిటికీలోంచి ఎండ పడితే, ఆరి ఉన్న ఎరుపు అంతస్తు కూడా వెలిగినట్టే కనిపిస్తుంది. పారదర్శక లెన్స్ లోపల రంగు ఎల్‌ఈడీలు ఉండే మోడళ్లలో ఈ బాధ చాలా తక్కువ, ఎందుకంటే ఆరినప్పుడు అందులో రంగే ఉండదు. ఎండ తగిలే చోట్లకు ఇవే నా మొదటి ఎంపిక. వీటిలో ఒక ఇబ్బంది ఉంది: ఆరినప్పుడు ఏ అంతస్తు ఏ రంగో చెప్పలేం కాబట్టి విడిభాగం మార్చేటప్పుడు తారుమారయ్యే అవకాశం ఉంది. మూత తీసే ముందు ఫోటో తీసుకోవాలి.

ఐదో మెట్టు: శబ్దం

బజర్ విషయంలో కేటలాగ్‌లోని "85 డెసిబెల్" అన్న మాటను నమ్ముకుని మోసపోకండి. ఆ కొలత సాధారణంగా 1 మీటరు దూరంలో తీసింది. అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది: 2 మీటర్ల దగ్గర 79, 4 మీటర్ల దగ్గర 73, 8 మీటర్ల దగ్గర 67. హాలు లోపల గోడల ప్రతిధ్వని వల్ల తగ్గుదల కాస్త నెమ్మదిస్తుంది, కానీ దాని మీద ఆధారపడకూడదు.

ఇటు ఐఎస్‌ఓ 7731 ప్రకారం ప్రమాద సంకేతం వినేవాడి చెవి దగ్గర చుట్టూ ఉన్న రొద కంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి, 65 కంటే తక్కువ ఉండకూడదు, 118 దాటకూడదు. ఫ్లోర్ మీద రొద 78 అనుకుంటే చెవి దగ్గర 93 కావాలి. 8 మీటర్ల దూరంలో 93 రావాలంటే 1 మీటరు దగ్గర 111 ఉండాలి. టవర్‌లో ఇమిడిపోయే మామూలు బజర్‌తో అది కాదు. అలాంటి చోట విడిగా హారన్ పెట్టాలి, లేదా మనిషి దగ్గరలో ఇంకో బజర్ పెట్టాలి.

ఈ 15 డెసిబెల్స్ నియమం ప్రమాద సంకేతాలకు. మూతలు నింపమని పిలవడానికి అంత మోత అక్కర్లేదు, రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోయే చిన్న శబ్దం చాలు, లైట్ ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. సరైన కొలతకు రొదను ఆక్టేవ్ బ్యాండుల (పౌనఃపున్య శ్రేణుల) వారీగా కొలిచి, బజర్ పౌనఃపున్యం రొద తక్కువ ఉన్న బ్యాండులో పడేలా చూడటం మరీ మంచిది. కంప్రెసర్ ఏ స్వరంలో కూస్తోందో బజర్ కూడా అదే స్వరంలో మోగితే ఎంత గట్టిగా ఉన్నా అందులో కలిసిపోతుంది. చెవి ప్లగ్గులు పెట్టుకునే చోట ప్లగ్గులు పెట్టుకునే పరీక్షించాలి.

శబ్దాన్ని ఆపే బటన్ తప్పకుండా పెట్టండి. బటన్ నొక్కితే బజర్ ఆగాలి, లైట్ మాత్రం కారణం తీరేదాకా వెలగాలి. కొత్త ఫాల్ట్ వస్తే బజర్ మళ్లీ మోగాలి. ఈ చిన్న ఏర్పాటు ఉంటే టేపు అంటించే అవసరమే రాదు.

ఆరో మెట్టు: కరెంటు లెక్కలు

వోల్టేజీ ఎంపికలో పెద్ద చర్చ లేదు. కంట్రోల్ సర్క్యూట్ 24 వోల్టుల డీసీ అయితే టవర్ కూడా అదే. 110 లేదా 230 వోల్టుల ఏసీ టవర్లు ఉన్నాయి, కానీ కొత్త యంత్రంలో యంత్రం నెత్తి మీదికి మెయిన్స్ వోల్టేజీ తీసుకెళ్లడానికి మంచి కారణమేదీ నాకు కనిపించదు.

అసలు తలనొప్పులు పీఎల్‌సీ నుంచి టవర్‌కు వెళ్లే అవుట్‌పుట్ దగ్గర వస్తాయి. అవి పీఎన్‌పీ, ఎన్‌పీఎన్ అని రెండు రకాలు. పీఎన్‌పీ అవుట్‌పుట్ ప్లస్ 24 వోల్టులను స్విచ్ చేస్తుంది, కాబట్టి టవర్ కామన్ వైరు సున్నా వోల్టుకు వెళ్లాలి. ఎన్‌పీఎన్ అవుట్‌పుట్ మైనస్ వైపు స్విచ్ చేస్తుంది, అప్పుడు కామన్ ప్లస్ 24కు వెళ్లాలి. కొన్ని టవర్లు రెండిటికీ పనిచేస్తాయి, కొన్ని ఒకదానికే. లైట్లు రెండు రకాలుగానూ వెలిగి, బజర్ మాత్రం ఒకవైపు పోలారిటీకే మోగే మోడళ్లు కూడా ఉన్నాయి. అందుకే వైరింగ్ బొమ్మలో లైట్ అంతస్తునూ బజర్‌నూ విడివిడిగా చూడండి.

పాత యంత్రంలో ఫిలమెంట్ బల్బుల టవర్ ఉంటే దాన్ని ఎల్‌ఈడీకి మార్చడం దాదాపు అన్ని సందర్భాల్లోనూ లాభమే. 24 వోల్టుల మీద 5 వాట్ల బల్బు నిలకడగా సుమారు 0.2 ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం చాలా తక్కువ కాబట్టి వెలిగే క్షణంలో దాదాపు పదింతలు లాగుతుంది. పీఎల్‌సీ ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్‌లు చాలావరకు 0.5 ఆంపియర్లకు తయారైనవి. మెరిసే బల్బు ప్రతి మెరుపుకూ ఆ దెబ్బ కొడుతుంది. పైగా బల్బు యంత్రం అదురుకు తొందరగా పోతుంది.

అయితే ఎల్‌ఈడీకి మార్చాక కొత్త సమస్య ఒకటి రావచ్చు: అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉన్నా లైట్ సన్నగా వెలుగుతూ ఉండటం. ట్రయాక్ లాంటి సాలిడ్ స్టేట్ (కదిలే కాంటాక్టులు లేని) అవుట్‌పుట్లు ఆఫ్‌లోనూ కొద్దిగా కరెంటు వదులుతాయి. బల్బుకు ఆ లీకేజీ తెలియదు, ఎల్‌ఈడీకి మాత్రం చాలు. చీకటి షిఫ్టులో మసక ఎరుపు కనిపిస్తే ఆపరేటర్ హడలిపోతాడు. లైట్‌కు సమాంతరంగా తగిన రెసిస్టర్ పెట్టడమో, మధ్యలో చిన్న రిలే పెట్టడమో దీనికి పరిష్కారం. రెసిస్టర్ పెడితే అది తట్టుకోవాల్సిన వాట్లు లెక్కేయడం మరవకండి.

ఏడో మెట్టు: దుమ్ము, నీళ్లు, నూనె, రసాయనాలు

దుమ్మును, నీళ్లను ఎంతవరకు ఆపగలదో ఐపీ నంబర్ చెబుతుంది. పొడిగా ఉండే అసెంబ్లీ హాలుకు ఐపీ54 సరిపోతుంది. నీళ్లు చిమ్మే చోట ఐపీ65 లేదా 66 కావాలి. వేడి నీళ్లతో ఒత్తిడి పెట్టి కడిగే ఆహార, ఔషధ యంత్రాలకు ఐపీ69కే (IP69K) రేటింగ్ కావాలి. ఆ పరీక్షలో 80 డిగ్రీల నీళ్లను 80 నుంచి 100 బార్ ఒత్తిడితో కొడతారు.

ఈ నంబర్ల వెనకున్న షరతులు చదవండి. నిటారుగా, చదునైన చోట, గాస్కెట్‌తో సరిగా బిగిస్తేనే ఆ రేటింగ్ వర్తిస్తుందని చాలా కంపెనీలు డేటాషీట్‌లో రాస్తాయి. తలకిందులుగా వేలాడదీస్తే అది పోవచ్చు. బజర్ అంతస్తు కలిపితే రేటింగ్ తగ్గే మోడళ్లు కూడా ఉన్నాయి, శబ్దం బయటికి రావడానికి రంధ్రాలు ఉండాలి కదా.

లెన్సులు చాలావరకు పాలీకార్బొనేట్. దెబ్బలను బాగా తట్టుకుంటుంది, కానీ కొన్ని సాల్వెంట్లకూ గాఢమైన క్షారాలకూ పగుళ్లిస్తుంది. శుభ్రం చేయడానికి అసిటోన్ వాడే చోట కొన్నాళ్లకే లెన్స్ తెల్లగా మసకబారడం చూస్తారు. సీఎన్‌సీ యంత్రాల దగ్గర కటింగ్ ఆయిల్ ఆవిరి కూడా అంతే. మీ దగ్గర వాడే రసాయనాల పేర్లు సరఫరాదారుకు ఇచ్చి, లెన్స్ ఓకేనని రాతపూర్వకంగా తీసుకోండి.

మండే వాయువులు, ఆవిర్లు, ధూళి ఉండే ప్రమాదకర జోన్లలో మామూలు టవర్ లైట్ పెట్టనే కూడదు. ఆ జోన్‌కు తగిన ఏటెక్స్ లేదా ఐఈసీఈఎక్స్ (పేలుడు ప్రమాదం ఉన్న చోట్ల వాడే పరికరాలకిచ్చే) ధ్రువీకరణ ఉన్నదే పెట్టాలి. వాయువులకు జోన్ 1, 2, ధూళికి జోన్ 21, 22 ఇలా వర్గీకరణ ఉంటుంది. ఇక్కడ ఐపీ నంబర్ ఎంత ఎక్కువున్నా ప్రయోజనం లేదు.

ఎనిమిదో మెట్టు: బిగింపు

ప్యానెల్ పైకప్పుకు రంధ్రం కొట్టి టవర్ నిలబెట్టడం అందరికీ అలవాటు. కానీ గాస్కెట్ జారినా, కేబుల్ చుట్టూ సీల్ వదులైనా, నీళ్లూ నూనే ఆ పైపు గుండా నేరుగా డ్రైవుల మీదికి దిగుతాయి. వీలైనంతవరకు పక్క గోడకు ఎల్ ఆకారపు బ్రాకెట్ వేసి దాని మీద నిలబెట్టండి, కేబుల్‌ను కిందికి వంపు తిప్పి గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగిసే సీల్) ద్వారా లోపలికి తీసుకెళ్లండి.

టవర్‌ను యంత్రం ఫ్రేముకే బిగించండి, పలుచని రేకు తలుపుకో మూతకో వద్దు. పైపు పొడుగయ్యే కొద్దీ ఊపు పెరుగుతుంది. పవర్ ప్రెస్ లాంటి అదిరే యంత్రాలకు పొట్టి పైపు, లేదా పక్కనే నేల నుంచి లేచిన విడి స్తంభం నయం. పైకి తెరుచుకునే గార్డ్ పూర్తిగా లేచినప్పుడు టవర్‌కు తగులుతుందేమో చేత్తో తెరిచి చూడండి. యంత్రాన్ని తలుపుల గుండా తరలించాల్సి వస్తే మడిచే బ్రాకెట్ ఉన్నది తీసుకోండి. ఎం12 (మర తిప్పి బిగించే) కనెక్టర్ ఉన్న మోడల్ అయితే విప్పడం, బిగించడం ఒక్క నిమిషం పని.

తొమ్మిదో మెట్టు: స్మార్ట్ టవర్ కావాలా?

ఇప్పుడు ప్రతి అంతస్తూ ఏ రంగైనా చూపగల టవర్లు, ఐఓ-లింక్ (పరికరాలను పీఎల్‌సీతో కలిపే డిజిటల్ కమ్యూనికేషన్) మీద నడిచేవి, వైర్‌లెస్‌గా స్థితిని సర్వర్‌కు పంపేవి వస్తున్నాయి. ఐఓ-లింక్‌తో మామూలు మూడు తీగల కేబుల్ మీద 20 మీటర్ల దాకా వెళ్లవచ్చు. వైరింగ్ ముట్టుకోకుండా రంగులు మార్చవచ్చు, టవర్ మొత్తాన్ని ట్యాంక్ మట్టం చూపే పట్టీలా కూడా వాడవచ్చు. తరచూ మార్పులు జరిగే లైన్లకు ఇది నిజంగా పనికొస్తుంది. పాత యంత్రాలు ఎంతసేపు ఆగాయో లెక్క తీయాలంటే వైర్‌లెస్ టవర్ తేలికైన దారి, పీఎల్‌సీ ప్రోగ్రాంను ముట్టుకోనక్కర్లేదు.

మారని ఐదారు స్థితులున్న యంత్రానికి మాత్రం మామూలు వైర్ల టవరే నా సలహా. రాత్రి షిఫ్టులో అది పాడైతే మల్టీమీటరు పట్టుకున్న ఎవరైనా బాగుచేయగలరు. స్మార్ట్ టవర్ తీసుకుంటే రెండు ప్రశ్నలకు జవాబు ముందే రాబట్టండి. కమ్యూనికేషన్ తెగిపోతే టవర్ ఏం చూపిస్తుంది? చివరి రంగునే పట్టుకుని కూర్చుంటే, ఆగిపోయిన యంత్రం మీద ఆకుపచ్చ వెలుగుతూ ఉంటుంది. రెండోది, కొత్త టవర్ పెట్టగానే పాత సెట్టింగులు వాటంతట అవే లోడ్ అవుతాయా, లేక ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరైనా రావాలా? ఐఓ-లింక్ 1.1 మాస్టర్లలో (టవర్ లాంటి పరికరాలు కలిసే యూనిట్లలో) సెట్టింగులు దాచుకునే ఏర్పాటు ఉంది, దాన్ని ఆన్ చేసి ఉంచాలి.

పదో మెట్టు: పెట్టాక పరీక్షించండి

స్టార్టప్‌లో అన్ని అంతస్తులూ, బజర్ రెండు సెకన్లపాటు పనిచేసే లాంప్ టెస్ట్ ప్రోగ్రాంలో పెట్టండి. తర్వాత మొదటి మెట్టులో రాసిన ప్రతి స్థితినీ నిజంగా సృష్టించి చూడండి: హాపర్ ఖాళీ చేయండి, ఎయిర్ వాల్వ్ కాస్త మూయండి, కన్వేయర్ ఆపండి. రెండు స్థితులు ఒకేసారి వస్తే ఏం వెలుగుతుందో కూడా చూడాలి. మూతలు తగ్గుతున్న సమయంలోనే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే ఎరుపు ఒక్కటే వెలగాలా, నీలం కూడా ఉండాలా అన్నది ముందే నిర్ణయించి ఉండాలి. నా మట్టుకు ఎరుపు వెలిగినప్పుడు మిగతావన్నీ ఆరిపోవడమే సరి.

మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి షిఫ్టులో ఒకసారి ఆపరేటర్ నిలబడే ప్రతి చోటు నుంచీ చూడండి. రాత్రిపూట కళ్లలో గుచ్చుకునేంత వెలుగుంటే కాంతి తగ్గించే సదుపాయం వాడండి. ఆ లైన్‌లో ఎప్పుడూ పనిచేయని ఒకరిని పిలిచి "ఇప్పుడు ఈ యంత్రానికి ఏం కావాలంటావు?" అని అడగండి. వాళ్లు తడబడితే పట్టికలో ఎక్కడో చిక్కుంది. రంగుల అర్థాలు రాసిన చిన్న ప్లేటు ఆపరేటర్ ప్యానెల్ పక్కనే అతికించండి.

చివరగా, ప్రతి అంతస్తు రోజుకు ఎంతసేపు వెలిగిందో లెక్కపెట్టే కౌంటర్ పీఎల్‌సీలో పెట్టించండి. కొన్ని వారాలయ్యాక ఆ అంకెలు తీసుకుని ఆపరేటర్‌తోనూ మెయింటెనెన్స్‌తోనూ కూర్చోండి. పసుపు షిఫ్టులో సగం సేపు వెలుగుతోందంటే ఎయిర్ ప్రెషర్ హద్దు మరీ బిగించి పెట్టారు, లేదంటే ఎక్కడో గాలి నిజంగానే లీకవుతోంది. మొదటిదైతే హద్దు మార్చండి, రెండోదైతే లీకు కట్టండి.